తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు

లేదు, అది చిన్న అబద్ధం కాదు. మా మేనమామ ఇప్పటికీ అదే మాట అంటాడు. "చిన్న అబద్ధం గదనే, దానికి గింత లొల్లా?" అని. బస్సెక్కకముందే ఎక్కేశానని ఫోన్‌లో చెప్పడం చిన్న అబద్ధం. అది నేనూ వారానికి నాలుగుసార్లు చెప్తాను. కీమో ఎక్కించిన తొమ్మిదో రోజు మనిషి ఒళ్లు కాలిపోతుంటే, జ్వరం లేదని ఫోటో పంపడం చిన్నదెట్లా అవుతుంది?

అమ్మకు రొమ్ము క్యాన్సర్. హైదరాబాద్‌లోనే వైద్యం. ప్రతి కీమో తర్వాత వారం దాటేసరికి ఒంట్లో తెల్లకణాలు పడిపోతాయి. మొదటి కీమో రోజే డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. "జ్వరం నూరు పాయింట్ నాలుగు చూపించిందా, ఏ గోలీ వెయ్యకుండా నేరుగా ఇక్కడికి తీసుకురండి. గోలీ జ్వరాన్ని దించుతుంది, లోపలి ఇన్ఫెక్షన్‌ను కాదు. తెల్లకణాలు లేని ఒంట్లో అది గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది." ఆ మాటల్ని అక్కడికక్కడే ఫోన్‌లో రికార్డ్ చేశాను. నాన్నకు పంపాను, మామకు పంపాను. ఇద్దరూ విన్నారు. దండం పెట్టే బొమ్మ కూడా పంపారు.

మూడో కీమో అయిన ఆరో రోజు అమ్మ తల్లిగారింటికి పోతానంది. కల్వకుర్తి దగ్గర ఊరు, మామ ఉండేది అక్కడే. ఇక్కడ నాలుగు గోడల మధ్య ఊపిరాడటం లేదంది. నాన్న తోడు పోతానన్నాడు. నాకు ఆఫీసులో సెలవు దొరకలేదు. దొరకలేదంటే, అడగలేదు. షరతులు పెట్టి పంపాను: మూతికి మాస్క్, కాచిన నీళ్లు, చుట్టాలు పలకరించడానికి వస్తే గడప బయటినుంచే. రోజుకు మూడుసార్లు, ఎనిమిదింటికి, రెండింటికి, మళ్లీ ఎనిమిదింటికి థర్మామీటర్ ఫోటో గ్రూపులో పడాలి. గ్రూపు కూడా నేనే పెట్టాను, నలుగురం ఉన్నాం.

తొమ్మిదో రోజు ఆదివారం. పొద్దున మామ ఫోన్ నుంచి ఫోటో వచ్చింది, తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. బొటనవేలు బొమ్మ పెట్టాను. రెండింటికి మళ్లీ వచ్చింది, తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. మళ్లీ బొటనవేలు పెట్టాను. తర్వాత ఊరికే వేలితో తోసుకుంటూ పోతుంటే మామ కూతురి స్టేటస్ కనబడింది, పన్నెండింటికి పెట్టింది.

అమ్మ పీట మీద కూర్చుని ఉంది. ఆకుపచ్చ పట్టుచీర, రాలిపోయిన జుట్టు కనబడకుండా తల మీద కొంగు. రెండు చేతులకూ మోచేతి దాకా ఆకుపచ్చ గాజులు. పక్కన కొత్త పంచెలో నాన్న. ఒడి నిండా పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు. చుట్టూ లెక్కపెట్టలేనంత మంది ఆడవాళ్లు, మీద మీద పడి బొట్టు పెడుతున్నారు. ఒక్క మూతికి మాస్క్ లేదు. ఒడిబియ్యం. పెళ్లయిన ఆడబిడ్డను కొన్నేళ్లకోసారి తల్లిగారు పిలిచి ఒడి నింపి పంపుతారు కదా, అది. నాకు తప్ప ఊరందరికీ పిలుపు ఉంది.

ఫోన్ చేశాను. ముగ్గురూ ఎత్తలేదు. కోపంతో ఆ ఫోటోనే పెద్దది చేసి చూస్తుంటే గాజుల దగ్గర ఆగిపోయాను. గ్రూపులోకి పోయి రెండింటి ఫోటో తెరిచాను. థర్మామీటర్ పట్టుకున్న చెయ్యి అమ్మదే. గాజులు లేవు. పొద్దున ఫోటో తెరిచాను. అదే చెయ్యి, అదే పూల దుప్పటి, దుప్పటి మీద అదే మడత.

ఏడోసారికి నాన్న ఎత్తాడు.

"డాడీ, వీడియో ఆన్ చెయ్. నా ముందర థర్మామీటర్ పెట్టు."

"ఇప్పుడే పండుకుంది బిడ్డా, జర ఆగు."

"ఆన్ చేస్తవా, పోలీసులకు ఫోన్ చెయ్యాల్నా?"

పోలీసులకు ఏమని చెప్పేదాన్నో నాకూ తెలియదు. ఆన్ చేశాడు. అమ్మ రెండు దుప్పట్ల కింద వణుకుతోంది. అంకె నూట రెండు దాటింది. మంచం పక్క స్టూలు మీద జ్వరం గోలీల అట్ట. నాలుగు గుంతలు ఖాళీ.

మామ కారులో సాయంత్రం ఐదున్నరకు దవాఖానకు వచ్చారు. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. ముందు నాన్న దిగాడు, చేతిలో కొత్త గుడ్డలో కట్టిన బియ్యం మూటతో. అమ్మ రిపోర్టుల ఫైల్ ఊళ్లోనే మరిచిపోయారు. మూట మరవలేదు.

తెల్లకణాలు ఉండాల్సిన దాంట్లో పదో వంతు కూడా లేవు. బీపీ పడిపోతోంది. లోపలికి తీసుకుపోయి యాంటీబయాటిక్ ఎక్కించారు. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదని నర్సు చెప్పింది. ఆ మాట విన్నాక వరండాలో మామ మీద పడ్డాను.

"పాత ఫోటో పంపుతావా మామా? చెల్లె అనుకున్నవా, ఇంకేమన్నా అనుకున్నవా?"

"లొల్లి వెట్టకు, అందరు జూస్తున్రు. పొద్దుగాల జర ఒళ్లు వెచ్చగైంది. గోలేస్తే దిగింది. పిలుపులు వోయినయ్, మంది వచ్చిన్రు. పీట మీద కూసునే ఆడబిడ్డను లేపి పంపియ్యమంటవా?"

"ఒక్క ఫోన్ చెయ్యరాదా నాకు?"

"నువ్వు ఫోన్ చెయ్యమన్నవానే? ఫోటోలే గావాలన్నవ్. ఫోటోలే పంపినం. ఒక్కనాడన్న వచ్చి మీ అమ్మ నెత్తి మీద చెయ్యి వెట్టి జూసినవా?"

ఆ మాట నిజమే. అందుకే ఆయన మీద కోపం ఇంకా ఎక్కువ.

నాలుగో రోజు అమ్మకు జ్వరం దిగింది. మాస్క్, గౌను వేసుకుని లోపలికి పోయాను. చేతులకు గాజులు తీసేశారు, సూది గుచ్చిన చోట కమిలి ఉంది. కొంచెం కోలుకుంది కదా అని మామను తిట్టడం మొదలుపెట్టాను.

"ఆయననేం అనకు," అంది. "ఆ ఫోటో పంపుమన్నది నేనే. ముందురోజు తీసింది ఉండె ఫోన్ల."

కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాను.

"పోయినసారి ఒడిబియ్యం పోసుకుని ఐదేండ్లాయె. ఇంకో ఐదేండ్లకు నేనుంటనో లేనో. చెప్తే పోనిస్తువా?"

"పోనియ్యను."

"మరి? గందుకే చెప్పలే."

అంత మామూలుగా అంది. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు. ఆరో రోజు నా ముందు ఊపిరాడటం లేదన్నప్పుడే చీర, పంచె, పిలుపులు అన్నీ అయిపోయాయి. నాన్నకూ ముందే తెలుసు. ఆమె ప్రాణం, ఆమె ఇష్టం అంటారా? సరే. అట్లాంటప్పుడు నన్ను రోజుకు మూడుసార్లు ఫోన్ ముందు కాపలా ఎందుకు కూర్చోబెట్టినట్టు? నేను ఆ అంకె చూసి, ఊపిరి పీల్చుకుని, అన్నం తిన్నాను. అక్కడ ఆమె గోలీ మింగి పీటెక్కింది.

ఇంటికొచ్చాక ఆ బియ్యం వండాలని అమ్మ ఒకటే పోరు. ఒడిబియ్యం పారేయకూడదట, నిల్వ ఉంచకూడదట. నేనే వండాను. నెయ్యి వేసి, కొసరి కొసరి పెట్టాను. నేనూ తిన్నాను. బాగుంది. అది వేరే సంగతి.

నాలుగో కీమో అయింది. నిన్నటికి తొమ్మిదో రోజు. ఇప్పుడు థర్మామీటర్ నా బ్యాగులో ఉంటుంది. సెలవు పెట్టాను, ఈసారి అడిగాను. నిన్న పొద్దున నేనే ఆమె చంకలో పెట్టి, కూతపెట్టేదాకా పక్కన కూర్చుని, నేనే తీసి చూశాను. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. చూసి, మళ్లీ పెట్టాను.

"నన్ను నమ్మవానే?" అంది అమ్మ.

"నమ్మ."

గోడ వైపు తిరిగి పడుకుంది. కన్నతల్లిని ఆ మాట అనొచ్చా అని నాన్న వంటింట్లో నన్ను తిట్టాడు. మామ ఫోన్ చేసి తిట్టాడు. వాళ్లను వదిలేయండి, ఆ గాజులు లేని చేతి ఫోటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. అది చూసి కూడా, అమ్మ మాట చాలని, రెండోసారి థర్మామీటర్ పెట్టకుండా లేచిపోయేవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?