ముందు చాప

చింతామణిలో మహిళా సమాజం వాళ్లు నడిపే శిశువిహారలో నేను టీచరుగా చేరినప్పుడు నాకింకా ఇరవై నిండలేదు. మా నాన్నకు బాగేపల్లిలో చిల్లర అంగడి. "ఊరోళ్ల పిల్లోల్లకు ముక్కులు తుడిసే పని మన ఇంటి ఆడబిడ్డకు యాల వచ్చెమ్మా?" అన్నాడు. "అంగట్లో కూర్చోని బెల్లం మీద ఈగలు తోలేదానికన్నా మేలే కదప్పా" అన్నాను. ఆయన నవ్వలేదు గానీ బస్సెక్కించాడు. చింతామణిలో మా మేనత్త ఇల్లు ఉంది కాబట్టి ఎక్కించాడు, నా మాటకు మెచ్చి కాదు.

శిశువిహార అంటే పెంకుటింట్లో ఒక పెద్ద గది, వెనక వంటిల్లు. పిల్లలు పాటలు కన్నడంలో పాడేవాళ్లు, కొట్లాటలు తెలుగులో పెట్టుకునేవాళ్లు. పొద్దున వాళ్లను ఇళ్ల నుంచి నడిపించుకొచ్చి, గది ఊడ్చి, రవ్వతో ఉప్పిట్టు వండి పెట్టే ఆయా ఒకామె ఉండేది. ఆమె కూతురు కూడా మా దగ్గరే కూర్చునేది.

ఊళ్లో పేరున్న ప్రైవేటు స్కూలు ఒక్కటే. అందులో ఒకటో తరగతికి మా శిశువిహార నుంచి వచ్చిన పిల్లలనే తీసుకునేవాళ్లు. ఎండాకాలం రజా, అంటే సెలవులు, ఇచ్చే ముందు ఒకరోజు ఆ స్కూలు హెడ్‌మిస్ మా గదికి వచ్చి పిల్లలను పరీక్ష చేసేది. పరీక్ష అని పేరే గానీ, ఆమె మాట్లాడించేది ముందు చాప మీద కూర్చున్నవాళ్లనే. పేరడిగి, ఒక పాట పాడించి, రంగులు చెప్పించి తీసేసుకునేది. వెనక చాపల వైపు చూసి ఒక నవ్వు నవ్వి వెళ్లిపోయేది. ముందు చాప మీద ఎవరు కూర్చోవాలో సమాజం అధ్యక్షురాలు ముందురోజే తేల్చేది. తాలూకా అధికారి అమల్దారు కొడుకు, డాక్టరు కూతురు, పట్టు వ్యాపారుల పిల్లలు, ఆమె సొంత మనవరాలు. నేను చేరిన మొదటి ఏడు ఆ చాపలు ఆమే దగ్గరుండి పరిపించింది. రెండో ఏడు ఆ పని నాకు అప్పజెప్పింది.

ఆ వారంలోనే ఒకరోజు వంటింట్లో రవ్వ వేయిస్తూ ఆయా నాతో అంది: "మా ఇంటాయన ఒగే మాట అంటాండాడు టీచరమ్మా. పాప పెద్ద స్కూల్లో చేరితే పోనీ, లేకుంటే రజా అయినాక చరక తిప్పాల్సిందే అని." ఆమె భర్త పట్టుదారం తీసే పనిలో ఉండేవాడు. మరిగే నీళ్లలో పట్టుగూళ్లు ఉడుకుతుంటే, ఆ కంపులో పక్కన కూర్చుని పొద్దుగూకులూ చరక తిప్పేది చిన్నపిల్లలే.

"సర్కారు స్కూలు ఉండాది కదా" అన్నాను.

"పెద్దోణ్ని ఆడికే పంపిస్తిమి. పిల్లోల్లు ఉంటే అయివారు లేడు, అయివారు ఉంటే పిల్లోల్లు లేరు. ఇప్పుడు వాడు చరక కాడనే ఉండాడు." ఆమె బాండలి దించి నా ముఖంలోకి చూసింది. "మా పాపను యాడ కూర్చోబెడతారమ్మా?"

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు. బీదపిల్లలను ఫీజు లేకుండా చేర్చుకుంటామని ఆ ప్రైవేటు స్కూలువాళ్లు తమ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. ఆ బీదపిల్లలు ఎవరో నాకు ఎప్పుడూ కనపడలేదు. వాళ్ల చాప ఎప్పుడూ వెనకే ఉండేది మరి.

పరీక్ష రోజున చాపలన్నీ చుట్టి మూలన నిలబెట్టాను. పిల్లలను నేల మీదే గుండ్రంగా కూర్చోబెట్టాను. ఆ కూర్చోవడం వాళ్లకు కొత్త కాదు. మేము రోజూ ఆడే ఆట ఒకటుంది. లక్కతో చేసిన చిలుకబొమ్మను చేతులు మార్చుకుంటూ పోతారు, బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మాట్లాడాలి. ఎవరినీ దాటెయ్యకూడదు. ఈ కట్టుబాటును నాకన్నా పిల్లలే గట్టిగా పట్టుకున్నారు. తొందరలో నేను ఎవరినైనా దాటేస్తే గదంతా గోల చేసేవాళ్లు.

హెడ్‌మిస్‌తో పాటు వచ్చిన అధ్యక్షురాలు గడపలోనే ఆగిపోయింది. "చాపలు యాడమ్మా?" అంది.

"రోజూ ఇట్లే కూర్చుంటారమ్మా. ఈపొద్దూ ఇట్లే" అన్నాను.

హెడ్‌మిస్ ఆ గుండ్రాన్ని ఒకసారి కలయజూసి, వీళ్లలో మనవాళ్లు ఎవరని కన్నడంలో నన్నే అడిగింది. అందరూ అన్నాను. ఆమెకు నచ్చలేదు. అయినా చిలుకబొమ్మ తీసి అమల్దారు కొడుకు చేతిలో పెట్టింది. వాడు గడగడా చెప్పేశాడు. పక్కన డాక్టరు కూతురు కూడా బాగా చెప్పింది. ఆ పక్కన ఆయా కూతురు కూర్చుని ఉంది, వెలిసిపోయిన పావడా, నూనె కారుతున్న జడ. హెడ్‌మిస్ ఒక్క చూపుతో లెక్క తేల్చేసింది. డాక్టరు కూతురి చేతిలోంచి బొమ్మ తీసుకుని, ఆ పిల్లను దాటి, అవతల కూర్చున్న అధ్యక్షురాలి మనవరాలికి ఇయ్యబోయింది.

మనవరాలు రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. "నాది కాదు, ఆ పాపది" అంది.

"తీసుకోమ్మా, నా బంగారు కదా" అని అవ్వ బుజ్జగించింది.

"ఆ పాపది అయినాకనే నాది."

అమల్దారు కొడుకు కూడా అదే మాట అందుకున్నాడు. తర్వాత అందరూ అందుకున్నారు. ఆ రోజు కోసం నేను వాళ్లకు ఏమీ నేర్పలేదు. ఆడీ ఆడీ అదే వాళ్లకు న్యాయమైపోయింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

హెడ్‌మిస్ బొమ్మను ఆ పిల్ల ఒళ్లో పెట్టక తప్పలేదు. ఆ పిల్ల పేరు చెప్పింది, పాట పాడింది. ఒక చరణం మరిచిపోయి ముందుదే మళ్లీ పాడింది. చిలుక పచ్చన, ముక్కు ఎర్రన అని చెప్పింది. మిగిలిన పిల్లలు చెప్పినదానికి తక్కువేమీ కాదు.

పరీక్ష అయ్యాక, వసారాలో కాచుకున్న తల్లుల ముందు హెడ్‌మిస్ పేర్లు చదివింది. ఆ పిల్ల పేరు లేదు.

"ఈ పాప ఏమి తప్పు చెప్పింది మిస్?" అని అడిగాను.

తప్పేమీ లేదు, వచ్చే ఏడు చూద్దామంది.

"వచ్చే ఏటికి ఈ పాప చరక తిప్పుతా ఉంటాది. మీ గోడ మీద రాసుకున్నది ఇట్లా పిల్లోల్ల కోసమే కదా? వద్దనుకుంటే ఎందుకు వద్దో ఇందరి ముందరా చెప్పండి. మేము ఇంటాము."

తల్లులందరూ హెడ్‌మిస్ వైపు తిరిగారు. వంటింటి గుమ్మంలో ఆయా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. హెడ్‌మిస్ అధ్యక్షురాలి వైపు చూసింది, ఆమె నేల చూసింది. రజా అయ్యాక పంపించండి, ఫీజు లేకుండానే చేర్చుకుంటాం, అని చెప్పి హెడ్‌మిస్ చెప్పులు వేసుకుంది.

నా ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. "నీకు చిక్కబళ్ళాపురంలో గూడా పని దొరకదు, నేను చూస్తా" అంది అధ్యక్షురాలు. "బాగేపల్లిలో మా నాన్న అంగడి ముందర అరుగు ఉండాదిలేమ్మా" అన్నాను. ఆ అరుగు మీదే పిల్లలను కూర్చోబెట్టుకున్నాను, గుండ్రంగానే. నాన్న కొన్నాళ్లు గొణిగి, ఆ తర్వాత వాళ్లకు బెల్లంముక్కలు పంచడం మొదలుపెట్టాడు.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా వినేవాళ్లు ఒకటే అడుగుతారు, చివరికి ఆ పిల్ల ఏమైందని. డాక్టరో ఆఫీసరో అయ్యిందంటే నేను చేసింది ఒప్పు, కాకుంటే నా ఉద్యోగం దండగ అన్నట్టు. ఆ పిల్ల స్కూలుకు పోయింది, అంతకుమించి నేను ఎవరికీ చెప్పను. అమల్దారు కొడుకు ఏమయ్యాడని ఇన్నేళ్లలో నన్ను ఒక్కరూ అడగలేదు.