ఎమ్మెల్యే ఫొటో లేని ఫ్లెక్సీ

గజేందర్‌ది ఉత్తర తెలంగాణలో గోదావరికి దగ్గరగా ఉన్న ఒక ఊరు. ఊరి పేరు చెప్పను. చెబితే ఏమవుతుందో ఆయనకు తెలిసొచ్చింది, పక్కనుండి చూసిన నాకూ తెలిసొచ్చింది.

నా పేరు ముఖీత్, మాది బోధన్. దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్‌లోని ఒక ప్రింటింగ్ షాపులో నేను డ్రైవర్ని, గజేందర్ డిజైనర్. ముఐథర్‌లో ఇద్దరిదీ ఒకటే రూమ్. ఏడేళ్ళుగా ఆయన వండితే నేను తింటున్నాను, నేను తిడితే ఆయన వింటున్నాడు.

ఊళ్ళో ఉన్నప్పుడు ఆయన గోడల మీద రాసే పెయింటర్. ఎన్నికలొస్తే ఏ పార్టీవాళ్ళు పిలిచినా వెళ్ళి, సున్నం కొట్టిన గోడ మీద గుర్తు వేసి, నినాదం రాసి, కింద మూలన చిన్నగా 'గజేందర్ ఆర్ట్స్' అని ఊరి పేరుతో సహా పెట్టేవాడు. ఫ్లెక్సీలొచ్చి ఆ బతుకు పోయింది. ఖతర్ వచ్చి రెండేళ్ళు సైట్‌లో షట్టరింగ్ పని చేశాక, ఏ ఫ్లెక్సీ తన పొట్ట కొట్టిందో ఆ ఫ్లెక్సీ పనిలోనే చేరాడు. మూలన పేరు పెట్టే అలవాటు మాత్రం పోలేదు. తెలుగు పని వచ్చినప్పుడల్లా ఆ రెండు ముక్కలూ, ఊరి పేరూ పడాల్సిందే. "ఈడ నీ ఆర్ట్స్ ఎవనికి గావాలె భాయ్" అని నేను ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. నవ్వి ఊరుకునేవాడు.

ఆయన భార్య గంగామణి ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. పదకొండేళ్ళుగా తొంభై మంది పిల్లలు ఆమె చేతి అన్నమే తింటున్నారు. కూతురు గురుకుల హాస్టల్లో ఉంటుంది, ఇంట్లో గంగామణి ఒక్కతే. ఆ పనికి వచ్చే జీతం వింటే నవ్వొస్తుంది. ఆమె చేసేది జీతం కోసం కాదు. పిల్లలు "పెద్దమ్మా, ఇంకింత" అని పళ్ళెం చాపితే ఆమెకు కడుపు నిండుతుంది. ఆ పని ఉండాలన్నా ఊడాలన్నా ఊరి నాయకుల నోటిమాట చాలు. గజేందర్ భయమంతా అక్కడే.

ఆ నాయకులది అధికారంలో ఉన్న పార్టీ. అందులో రెండు వర్గాలు. ఒకటి ఎమ్మెల్యేది. ఆయన వేరే గుర్తు మీద గెలిచి, ఆరు నెలలు తిరక్కుండా అధికార పార్టీలోకి దూకాడు. రెండోది ఆయన చేతిలో ఓడిన పాత నాయకుడిది. ఇరవై ఏళ్ళు జెండా మోసినవాడు ఆయన. నిన్నటిదాకా తలలు పగలగొట్టుకున్నవాళ్ళ మెడల్లో ఒకే రంగు కండువా వేస్తే ఒకటైపోతారా? ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఇప్పుడు ఆ ఊళ్ళో పెన్షన్ ఆగినా, రోడ్డు ఆగినా, ముందు అడిగేది నువ్వు ఏ వర్గం అని.

ఆ జబ్బు ఇక్కడికీ వచ్చింది. ఇక్కడి మనవాళ్ళలో ఎమ్మెల్యే వైపు అమర్‌నాథ్. ఆయన ఒక కంపెనీలో క్యాంప్ సూపర్‌వైజర్. పాత నాయకుడి వైపు రఫీయుద్దీన్, అబూ హమూర్‌లో కూరగాయల హోల్‌సేల్ చేస్తాడు. పార్టీ పెద్ద పుట్టినరోజుకి ఇద్దరూ ఒకే శుక్రవారం రెండు హోటళ్ళలో రెండు కేకులు పెట్టారు. ఇక్కడ రాజకీయ సభలు కుదరవు కనుక హాలు తలుపు మీద 'బర్త్‌డే పార్టీ' అని కాగితం అంటించి, లోపల కండువాలు వేసుకున్నారు.

ఫ్లెక్సీకి పెళ్ళి పత్రికను మించిన మర్యాదలుంటాయి. పార్టీ పెద్ద నిలువెత్తు ఫొటో, పైన వరసగా గుండ్రటి ముఖాలు, ఎవరి తర్వాత ఎవరు, ఎవరిది అంగుళం పెద్దది, ఇవన్నీ చూడాలి. ఆ ముందురోజు, గురువారం, రఫీయుద్దీన్ వచ్చి తన ఫ్లెక్సీ మీద ఎమ్మెల్యే ఫొటో అసలే వద్దన్నాడు.

"బాగుండదేమో అన్నా" అన్నాడు గజేందర్.

"అరె భాయ్, కస్టమర్ నేనా, ఎమ్మెల్యేనా?"

కస్టమర్ చెప్పినట్టే చేశాడు. చేసి, చేతి అలవాటు కొద్దీ మూలన తన పేరు, ఊరి పేరు పెట్టాడు. ఆ ఫ్లెక్సీని నా బండిలోనే తీసుకెళ్ళాను. ఆ మూలన పేరు నేనూ చూడలేదు.

శనివారం పొద్దున షాపులో ఉండగా గంగామణి ఫోన్ చేసింది. ఆయన స్పీకర్‌లో పెట్టాడు. ఆమె గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"ఎమ్మెల్యే మనుషులు నలుగురు బడి కాడికచ్చిండ్రు. ఫోన్ల ఫ్లెక్సీ ఫొటో పెద్దగ జేసి సూపెట్టిండ్రు. మూలకు నీ పేరున్నది. మా ఎమ్మెల్యే మొకం నీ మొగనికి కనవడ్తలేదా అన్నరు."

"ఏమన్న జేసిండ్రా?"

"ఏం జెయ్యలే. పప్పు ఉడుకుతుంటే ఒకడు గరిటె దీస్కొని తిప్పుకుంట నిలవడ్డడు. పిల్లలు తినే తిండి, జర పైలం అన్నడు."

గజేందర్ ముఖం పాలిపోయింది. కొట్టినా, తిట్టినా ఆయన అంత భయపడేవాడు కాదు. పప్పులో ఎవడైనా ఏదైనా కలిపితే? పిల్లలకు వాంతులైతే? పదకొండేళ్ళుగా వండిపెట్టిన గంగామణి ఒక్క పూటలో హంతకురాలవుతుంది. ఇద్దరం అదే ఆలోచిస్తున్నామని ఇద్దరికీ తెలుసు.

ఆ రోజే అమర్‌నాథ్ దగ్గరికి వెళ్ళాం. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"ఎమ్మెల్యే సాబ్ ఫొటోతోని ఒక ఫ్లెక్సీ కొట్టు గజేందర్. కండువ ఏస్కొని దాని ముందట నిలవడు. నేను గ్రూప్‌ల పెడ్త. అయిపాయె."

గజేందర్ నా వైపు చూశాడు. పోనీ నిలబడు, గండం గడుస్తుంది అన్నాను. ఆ తప్పులో నా వాటా అది, దాచుకోను.

నిలబడ్డాడు. దండం పెడుతున్న ఆ ఫొటో ఆదివారానికి ఊరంతా తిరిగింది. ఎమ్మెల్యే మనుషులు బడి వైపు రావడం మానేశారు. సోమవారం నుంచి రెండో వర్గం వాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఆ ఊళ్ళో బడి కమిటీ పాత నాయకుడి చేతిలోనే ఉంది. రోజూ ఒకడు వచ్చి, అన్నం మెతుకు పట్టి చూసి, పప్పు నోట్లో వేసుకుని, వంటింటి గుమ్మంలోనే ఉమ్మేసి పోయేవాడట. అడకత్తెరలో పోకచెక్క అంటారే, గంగామణి బతుకు అట్లా అయింది.

ఆమె తనకు తోచిన జాగ్రత్త తను తీసుకుంది. గిన్నెలు దించగానే మొదటి పళ్ళెం తనే తినేది. తిని, పావుగంట ఆగి, అప్పుడు పిల్లలను పిలిచేది. అది విన్నప్పటి నుంచి గజేందర్‌కు ఆ పావుగంట నరకమైంది. అక్కడ పన్నెండున్నర అంటే ఇక్కడ పది. పది కాగానే మౌస్ వదిలేసి, ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని కూర్చునేవాడు. కస్టమర్ పిలిచినా పలికేవాడు కాదు. 'అందరు తిన్నరు, ఎవ్వలకేం గాలే' అని మెసేజ్ వస్తే అప్పుడు ఊపిరి తీసుకునేవాడు. నాకు కోపమొచ్చేది. ఎవడి మీద చూపించాలో తెలియక ఆయన మీదే చూపించేవాణ్ణి. ఒకసారి మెసేజ్ పదకొండు దాటినా రాలేదు. ఆయన లేచి బాత్రూమ్‌లోకి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. ఆమె ఫోన్‌లో చార్జింగ్ అయిపోయిందట, అంతే.

మూడు వారాలు అట్లా గడిచాక హైదరాబాద్‌లో పార్టీ పెద్దలు రెండు వర్గాలనూ కూర్చోబెట్టి రాజీ చేశారు. ఎమ్మెల్యే, పాత నాయకుడు చేతులు కలిపి పైకెత్తిన ఫొటో అన్ని గ్రూపుల్లోనూ వచ్చింది. బుధవారం మధ్యాహ్నం అమర్‌నాథ్, రఫీయుద్దీన్ భుజాల మీద చేతులు వేసుకుని మా షాపుకొచ్చారు. స్వీట్ డబ్బా కూడా తెచ్చారు.

"ఇద్దరు లీడర్ల ఫొటోలు ఒక్కటే సైజు ఉండాలె" అన్నాడు అమర్‌నాథ్.

"కొలిచి పెట్టు భాయ్" అన్నాడు రఫీయుద్దీన్.

గజేందర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎన్నాళ్ళకో ఆయన నోట్లో ఒక మిఠాయి ముక్క పడింది. నేను కూడా అల్లాకు షుక్రియా చెప్పుకున్నాను. ఆయన రెండు ముఖాలనూ పక్కపక్కన పెట్టి, వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేస్తుండగా గంగామణి ఫోన్ వచ్చింది. ఆయన చెవి దగ్గర పెట్టుకున్నాడు కాని, పక్కనే ఉన్న నాకు వినిపించింది.

"ఇద్దరు గల్సి అచ్చిండ్రు" అంది.

"ఎవలు?"

"పప్పు తిప్పినోడు, ఉమ్మినోడు. ఒక్క బండి మీదనే అచ్చిండ్రు. రాజీల ఊరి పనులన్ని పంచుకున్నరంట. నన్ను మాత్రం మా మనిషని ఆల్లనలే, ఈల్లనలే. రేపటి సంది వంటకు రావొద్దన్నరు. వేరేటామెను పెట్టిండ్రంట."

గజేందర్ లేచి నిలబడ్డాడు. ఎదురుగా సోఫాలో ఆ ఇద్దరూ చాయ్ తాగుతున్నారు. "ఆగు, ఇద్దరు ఈడనే ఉన్నరు, నేను మాట్లాడ్త" అన్నాడు.

"వద్దు. నీకు దండం బెడ్త, ఎవ్వలతోని ఏం మాట్లాడకు. పని పోతే పోయింది. పోయేటప్పుడు నీ లీవెప్పుడని అడిగిండ్రు."

"నువ్వేం జెప్పినవ్?"

"ఇంక తెల్వదన్న. ఇద్దరు ఒగని మొకం ఒగడు సూసుకొని నవ్విండ్రు."

ఆయన ఫోన్ పెట్టేశాడు. అయిందా అని అడిగాడు అమర్‌నాథ్. అయిందన్నా అన్నాడు గజేందర్. వాళ్ళు ఫ్లెక్సీ చుట్టించుకుని వెళ్ళేదాకా నిలబడే ఉన్నాడు.

తర్వాత లోపల మేనేజర్ దగ్గరికి వెళ్ళి, నెలాఖరుకు పెట్టుకున్న లీవు వద్దని చెప్పాడు. రెండేళ్ళకొకసారి వచ్చే లీవు అది.