ఎర్ర మఖమల్ కోటు

అందరూ అతన్ని బండ అంటారు. బారు గుమ్మం దగ్గర నిలబడి, తాగి గొడవ చేసేవాళ్ళను బయట పడేయడం అతని పని. మెడ వంచి, చెయ్యి వెనక్కి విరిచి, మెట్ల మీదుగా తోసేస్తాడు. ఒకసారి ఒకడి దవడ ఊడింది. ఆ పూట కూడా బండ అన్నం మామూలుగానే తిన్నాడు.

సెలవు రోజున మాత్రం పసిపిల్లల బట్టల కొట్లో ఉంటాడు. కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఇంకా మెడ నిలవలేదు. దానికి జిప్పుల జాకెట్టు కొన్నాడు, బూట్లు కొన్నాడు, నల్ల కళ్ళద్దాలు కూడా కొన్నాడు.

"నిద్రపోవడం తప్ప దీనికేం పని నాన్నా? కళ్ళద్దాలెందుకు?"

"ఎండలో నిద్రపోతుందిలేవే."

కూతురు పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక పాపను దగ్గరికి లాక్కుంది.

"మొన్న పాలవాణ్ణి కొట్టావట. డ్యూటీలో అయితే నీ ఖర్మ. బయట ఇంకెవరి మీదైనా చెయ్యి చేసుకున్నావో, దీన్ని నీ చేతికివ్వను."

"ఒట్టు. ముట్టుకోను ఎవర్నీ."

తర్వాతి సెలవుకు కొట్టు ముందరి అద్దం వెనక ఎర్ర మఖమల్ కోటు వేలాడుతోంది. బంగారు రంగు గుండీలు, వెనక తోకలా వేలాడే అంచు. ఒక్కటే ఉంది. బండ లోపలికి వెళ్ళేసరికి అది ఒక టై కట్టుకున్న మనిషి చేతిలో ఉంది.

"అది నాకివ్వండి సార్. మనవరాలికి."

ఆ మనిషి ఎగాదిగా చూశాడు. "మీ ఇంట్లో ఎలుగుబంటి పిల్ల పుట్టుంటుంది. దానికి పట్టదులే."

ముక్కు చిట్లింది. రెండో దెబ్బకు మనిషి గాజు బల్ల మీద పడ్డాడు, బల్ల పగిలింది. మూడోది అక్కర్లేదు. అయినా కొట్టాడు. పళ్ళు పిడికిట్లో దిగాయి. కొట్లో పనిచేసే అమ్మాయి గోడకు అతుక్కుపోయింది. బండ కోటు దులిపి, గుండీలు సరిచూసి, డబ్బు ఆమె ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

కూతురు తలుపు తీసింది. పిడికిలి చూసింది.

"ఎవర్ని?"

"ఎవడో. కోటు వాడి చేతిలో ఉంది."

ఆమె కోటు అందుకుంది. లోపల మంచం మీద పాపకు తొడిగింది. చేతులు కనబడకుండా పోయాయి. పాప అచ్చం సర్కసు యజమానిలా ఉంది. బండ పగలబడి నవ్వి, రెండు చేతులూ చాచి గుమ్మం దాటబోయాడు.

"అక్కణ్ణించే చూడు నాన్నా."

ఆగాడు. పాప చెయ్యి నోట్లో పెట్టుకోబోయి మఖమల్ చప్పరించింది.

"రంగు దిగుతుందేమోనే, తీసెయ్."

"నేను చూసుకుంటాను."

చాచిన చేతులు కాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత దించుకున్నాడు.