ఇత్తడి రేకు మీద జింక

ఆదోని బజారులో గిన్నెల మీద పేర్లు చెక్కీ చెక్కీ నా బొటనవేలు సగం మొద్దుబారిపోయింది. పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ పంచే స్టీలు డబ్బాలే అన్నీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే పేరు. అదీ ఇప్పుడు కరెంటు పెన్నుతో. అది జుయ్యిమంటూ ఉంటే నేను చేయి కదిలిస్తాను, అంతే. దీన్ని చెక్కుడు పని అనడానికి నాకే నోరు రాదు.

మా నాయన చెక్కేవాడు. సన్న ఉలి, చిన్న సుత్తి. వెండి కంచాల మీద, కుంకుమ భరిణెల మీద తీగలూ పూలూ తీర్చేవాడు. వాటిలో ఒక్కటీ మిగల్లేదు. పాత సామాను వేసి కొత్తది తెచ్చుకోవడం మా దిక్కు మామూలే కదా, అన్నీ కరిగిపోయాయి. మిగిలింది ఎమ్మిగనూరులో ఒక ఇంటి తుపాకీ. హాలహర్వి దగ్గరి వాళ్ల చేలో జింకలు పడితే బెదిరించడానికి ఎప్పుడో తీసుకున్నారు. లైసెన్సు ఉన్న వస్తువును ఇష్టమొచ్చినట్టు కరిగించడానికి లేదు గనుక బతికిపోయింది. దాని కట్టె పిడికి బిగించిన ఇత్తడి రేకు మీద, వెనక్కి తిరిగి చూసే జింకను నాయన చెక్కాడు.

ఆ తుపాకీ ఇప్పుడు పేలదు. దసరాకు పూజలో కూర్చుని బొట్టు పెట్టించుకోవడమే దాని ఉద్యోగం. పూజకు ముందు ఆ ఇంటి పెద్దమ్మ రేకును చెంబు తోమినట్టు చింతపండు, ఇటుకపొడి వేసి తోముతుంది. జింక అరిగిపోతుంది. అరిగినప్పుడల్లా నాకు కబురొస్తుంది. తుపాకీని సంచిలో వేసుకుని బజారుకు తేలేరు కాబట్టి నేనే బస్సెక్కి పోయి, నాయన గీతల్లోనే ఉలి పెట్టి లోతు చేసి వస్తాను. మొన్నటి దసరాకు కబురొస్తే, ఈసారి తోమొద్దని గట్టిగా చెప్పాలని బస్సులోనే నిశ్చయించుకున్నాను.

రేకును వెలుగులోకి తిప్పి చూశాను. కొమ్ముల కొనలు, కన్ను తప్ప ఏమీ లేదు. అంచును గోటితో ఎత్తితే కాగితంలా వంగింది. ఉలి పెడితే చిరిగిపోతుంది.

"ఇంగ దీని మీద చెక్కేకి కాదు," అన్నాను.

"అయితే కొత్త రేకు ఏసి కొత్త జింకను చెక్కన్నా. పాతది తీసేద్దాం," అన్నాడు పెద్దమ్మ కొడుకు. మంచివాడే. అతనికి అది రేకు. నాకది మా నాయన చేతి పనిలో ఆఖరుది.

కోపం ఆగలేదు. పెద్దమ్మ వైపు తిరిగి, "ఇట్ల తోమితే ఇత్తడి నిలుస్తాదా పెద్దమ్మా? గుడ్డతో తుడిస్తే సాలదా?" అన్నాను.

ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. వింతగా చూసింది.

"మీ నాయనే సెప్పినాడు గదప్పా. జింకను సెక్కి నా సేతికిచ్చి, 'మురికి పట్టనిస్తే నా పని ఎవురికీ కనపడదు తల్లీ, బాగా తోముతా ఉండు' అన్నాడు. ఆ పొద్దు నుంచి కోడలి సేతికి గూడా ఇయ్యలేదు నేను."

మా నాయన మాటను ఇన్నేళ్లు ఇంత నిష్ఠగా పట్టుకున్న మనిషి మా ఇంట్లో కూడా లేరు.

పాత రేకు ఊడదీసి జేబులో వేసుకున్నాను. నా సంచిలోని ఇత్తడి ముక్కను కత్తిరించి బిగించి, మధ్యాహ్నమంతా అరుగు మీద కూర్చుని ఆ కొత్త రేకు మీద చెక్కాను. నాయన గీతల వెంట పోవడమే నాకు అలవాటు. గీతలు లేని ఇత్తడి మీద నా జింక మెడ తిప్పలేకపోయింది, బిగుసుకుని ముందుకే చూస్తోంది. అయినా అది నాదే.

పెద్దమ్మ తుపాకీని ఒళ్లో పెట్టుకుని రేకును వేలితో తడిమింది. పక్కన గిన్నెలో చింతపండు నానుతోంది. దాని మీదికి చేయి పోనిచ్చి, ఆగి, నా మొహంలోకి చూసింది.

"తోమేదా వద్దా అప్పా?"

వద్దంటే నా జింక నాకంటే ఎక్కువ కాలం ఉండేది. మళ్లీ అరిగితే వచ్చి చెక్కే ఓపిక నాకుంటుందో లేదో కూడా తెలియదు.

"తోము పెద్దమ్మా," అన్నాను. "బాగా తోము."