బోర్డుకి ఆ వైపు

"మాత్రలేవి?"

"బుట్టలోనే ఉంటాయి, చూడు."

"ఉన్నాయి. ఒక్కటీ తగ్గకుండా ఉన్నాయి. అందుకే అడుగుతున్నా!"

గోడకి ఇవతల, బావ నిమ్మరసం కొట్టు బోర్డుకి కొత్త రంగు వేస్తున్న బావమరిది కుంచె ఆపాడు. అక్క గొంతు లేచిందంటే వీధి చివరి కుక్క కూడా సర్దుకుని కూర్చుంటుంది.

"ఊరందరికీ నిమ్మరసం తాగించేవాణ్ణి, నాకు మాత్రలెందుకే? 'రక్తపోటుకి మందు' అని బోర్డు మీద లేదూ?"

"అది రాయమన్నది నువ్వేగా! నీ కోత నువ్వే నమ్మితే ఎలాగయ్యా?"

బావ కోతలరాయుడేం కాదు. కాయని చెక్క మీద అరచేత్తో దొర్లించి, మెత్తబడ్డాకే కోస్తాడు. ఆఖరి చుక్క దాకా పిండడు. "తొక్కని హింసిస్తే చేదు కక్కుతుంది" అంటాడు. రసంతో పాటు సలహా ఉచితం. ఆకుకూర మీద పిండుకో, అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తాగాక నోరు పుక్కిలించు, లేదంటే పులుపు పళ్ళని తినేస్తుంది. కడుపులో మంటుంటే నా కొట్టు వైపే రాకు. అన్నీ నిజాలే. వాటి మధ్య ఆ రక్తపోటు ముక్క, బియ్యంలో రాయిలా దూరింది.

ఆ మధ్యాహ్నమే కాయ దొర్లిస్తున్న చెయ్యి ఆగిపోయింది. బావ పెట్టె మీద కూలబడ్డాడు. అక్కా తమ్ముడూ చెరో రెక్కా పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

డాక్టరమ్మ చేతికి పట్టీ చుట్టి చూసింది. ముఖం చిట్లించింది. "మాత్రలు మానేసి నిమ్మరసమా? రోజుకి ఎన్ని గ్లాసులు?"

"అయిదారు."

"ఉప్పు వేసుకునా?"

"ఉప్పు లేకపోతే అదేం రసమమ్మా!"

"నిమ్మకాయ మంచిదే, తాగండి. కానీ మాత్ర చేసే పని అది చెయ్యదు. పైగా మందనుకుని పూటపూటా ఉప్పు పోసుకుంటున్నారు. పోటు పెరగక ఏం చేస్తుంది?"

బయటికొచ్చాక అక్క ఒకే ఒక్క మాట అంది. "ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు. నువ్వు రెండూ కలిపే తాగావు." అన్నాక తనే కళ్ళు తుడుచుకుంది.

ఇంటికి రాగానే బావ ఎవరూ చెప్పకుండానే మాత్ర మింగాడు. వచ్చి బోర్డు పక్కన చతికిలబడ్డాడు.

"ఆ ముక్క చెరిపేస్తున్నా బావా."

"చెరుపు. నా మాట విని ఇంకెవరెవరు మానేశారో, రేపు ఒక్కొక్కణ్ణీ పిలిచి అడగాలి." బోర్డుని ఓసారి వెనక్కి తిప్పి చూశాడు. "ఒరేయ్, ఇంకో పని చేసిపెట్టు. బోర్డు వెనకవైపు కూడా రాయి. నేను కూర్చునే వైపు."

"ఏమని?"

"మాత్ర వేసుకున్నావా, అని. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. చదివితే మీ అక్క అరిచినట్టుండాలి."