వాడరేవులో విమానానికి దిష్టి తీసిన వైనం

పోసిన పానకంలో సగమే తాగి, మిగతా సగం భక్తుడికే వదిలేసే మా మంగళగిరి నరసింహస్వామికి ముందుగా దండం. నేను చేసిన ఘనకార్యంలో ఎవరి ప్రాణాలూ పోలేదంటే ఆయన దయే. కళ్లనీళ్లు మాత్రం బిందెలకొద్దీ పోయాయి.

అప్పుడు నాకు పౌరోహిత్యం కొత్త. గుంటూరు బ్రాడీపేట భజన సమాజంలో పురాణం చెబితే నలుగురూ తలలూపేవారు. నా తల మాత్రం ఆకాశంలో ఉండేది. మా మావయ్యకి వాడరేవు బీచ్‌లో కాటేజీలున్నాయి. శని, ఆదివారాలు తప్పితే వాటిల్లో ఉప్పుగాలి తప్ప ఎవరూ దిగరు. అలాంటిది, ఓ విమాన సంస్థకి పెద్ద అయిన నందిని గారు ఒక ఉదయం స్వయంగా అక్కడికి వచ్చారు. విదేశాల నుంచి గన్నవరానికి నేరుగా విమానం వేయాలా వద్దా అని తేల్చుకోవడానికి. వేస్తే మావయ్య గదులు నిండుతాయి. లేకపోతే తాళాలే.

"ఒరేయ్ నరహరీ, ఆశీర్వచనం చెప్పి ఊరుకో. ఉపన్యాసం మొదలెట్టావంటే సముద్రంలోకి తోస్తా" అన్నాడు మావయ్య.

ఏసీ హాల్లో కర్టెన్లన్నీ మూసి, తెర మీద గంటసేపు బొమ్మలు చూపించారు. నందిని గారు పెదవి విరిచారు.

"రెండు విమానాలు మారి ఇంతదూరం ఎవరూ రారండీ, నిజమే. నేరుగా వేయాలి. వేశాక సీట్లు నిండాలి కదా? చూడ్డానికి ఇక్కడ ఏముంది?"

మావయ్య మొహం వాడిపోయింది. నేను లేచాను. అప్పుడు కూర్చునే ఉంటే మీకీ కథ ఉండేది కాదు.

"అమ్మా, మీ విమానం పుష్పకంలా వర్ధిల్లుగాక! ఎంతమంది ఎక్కినా అందులో ఇంకొకరికి చోటుండేది!"

"ఖాళీ సీటు ఉండకూడదనే కదండీ పంతులుగారూ, మా ఏడుపంతా!"

హాలంతా నవ్వింది, మావయ్య తప్ప. పోయిన పరువు రాబట్టుకోవాలి. "ఎవరిదో దిష్టి తగిలిందమ్మా, తీసేస్తాను" అంటూ సాంబ్రాణి ధూపానికని తెచ్చిన నిప్పుల పళ్లెం దగ్గరికి లాక్కున్నాను. మా గుంటూరు గొప్ప చూపించడానికి బల్ల మీద పెట్టిన ఎండుమిరపకాయలు గుప్పెడు తీసి, ఆవిడ చుట్టూ తిప్పి, నిప్పుల్లో వేశాను. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టని మా నమ్మకం. గాలి పీల్చి చూశాను. ఏమీ లేదు.

"అబ్బో, ఘోరమైన దిష్టి!" ఇంకో రెండు గుప్పెళ్లు వేశాను.

మీకో సంగతి చెప్పడం మరిచాను. నేను పుట్టి పెరిగింది మిర్చి యార్డు గోడ పక్కన. ఘాటు విషయంలో నా ముక్కు ఎప్పుడో సన్యాసం పుచ్చుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, ముక్కు సంగతి ఎవరూ చెప్పరు.

"ఒరేయ్... హాచ్... ఆపరా!"

"ఇంకా ఘాటు రాలేదు మావయ్యా!"

"చచ్చేంత వచ్చిందిరా!"

ఆ ఘాటుని ఏసీ ప్రసాదంలా అందరికీ సమానంగా పంచింది. జనం తలుపులు తోసుకుని ఇసుకలోకి పరుగెత్తారు. అందరికంటే ముందు నందిని గారు, చెప్పులు చేత్తో పట్టుకుని. మోకాళ్లలోతు నీళ్లలో దిగి మొహం కడుక్కుని, తలెత్తారు. ఎదురుగా పడవలు ఒడ్డుకొస్తున్నాయి. వలల్లో చేపలు మిలమిలా ఎగురుతున్నాయి. ఆవిడ దగ్గు మరిచిపోయారు.

"ఇంత సముద్రం గుమ్మంలో పెట్టుకుని, నాకు గంటసేపు బొమ్మలెందుకు చూపించారండీ?"

విమానం వేశారు. గదులు నిండాయి. "నువ్వు తీసింది దిష్టి కాదురా, కర్టెన్లు" అంటాడు మావయ్య ఇప్పటికీ.

మొదటి విమానానికి పూజ చేయమని నందిని గారు నాకే ఫోన్ చేశారు. "కొబ్బరికాయ తెండి, గుమ్మడికాయ తెండి. మిరపకాయ ఒక్కటి కనబడినా విమానం ఎగరదు పంతులుగారూ, నేను ఎగిరిపోతాను."

అందుకే స్వామి సన్నిధిలో ఒట్టేశాను: కప్పు కింద మిరపకాయ కాల్చను. తప్పనిసరైతే పొరుగు జిల్లావాడి ముక్కు అరువు తెచ్చుకుని గానీ నిప్పు ముట్టను. మీరూ చేతులు జోడించి నాతో అనండి: "నరసింహా, విమానాలన్నీ నిండుగా రానీ, క్షేమంగా దిగనీ. ఈ నరహరి ముక్కుకి మాత్రం కాస్త జ్ఞానం ప్రసాదించు."