తునికాకు మంట

మా చెల్లె కామారెడ్డి కాలేజీల షార్ట్ ఫిల్మ్ తీసింది. గుడిసె కాలే సీనుకు కంప్యూటర్ల మంట పెట్టింది గానీ చప్పుడు లేదు. తెల్లారితే కాలేజీల సినిమా ఆట! ఏడో తరగతికే బడికి దండం పెట్టిన నేను సౌండ్ ఇంజనీరునైన. ఎల్లారెడ్డిల మా ఇంట్ల, అమ్మ బీడీలకు తెచ్చుకున్న ఎండు తునికాకును ఫోను దగ్గర నలిపిన. అచ్చం మంటే!

అంతల అమ్మ చూసింది. "ఓరి నీ చేతులిరగ! నా బతుకంత బుగ్గి చేస్తివి గదరా!"

అదీ రికార్డయింది. మళ్లీ నలుపుదామంటే అమ్మ ఆకు గుంజుకున్నది. "గిదే ఉండనీ అన్నా" అన్నది చెల్లె.

తెల్లారి హాల్ల తెరమీద గుడిసె అంటుకోంగనే ఆ కేక మోగింది. అందరూ నవ్వుతరనుకున్న. ఒక్కలు నవ్వలే. పక్కన అమ్మ కండ్లు తుడుచుకుంట అడిగింది: "పాపం, ఎవలురా గామె?"

ఇప్పటిదాంక చెప్పలే. ఈ పేజీ ఎవరన్న ఆమెకు చదివి వినిపిస్తే నా చేతులు నిజంగనే ఇరుగుతయి.